రైల్లో దొరికిన రాయబారం

ఇవాళ రేపల్లె నుంచి తెనాలి వస్తుంటే, రైల్లో నేను అడక్కుండానే ఒక ఉద్యోగం దొరికింది. పెద్దవయసు భార్యాభర్తలు ఒకే బల్ల మీద చెరో చివర కూర్చున్నారు. మధ్యలో ఖాళీ కనబడింది కదా అని నేను కూలబడ్డాను.

బండి కదలగానే ఆవిడ టిఫిన్ గిన్నె మూత తీసి, "అమ్మాయ్, ఆయన పొద్దున్నుంచీ ఏమీ తిన్లేదు. ఈ ఇడ్లీలు తినమని చెప్పు" అంది.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే, "ఆకలి లేదని చెప్పమ్మా" అన్నారు.

"ఆకలి లేకపోతే మొహం అలా వాడిపోయిందేంటో అడుగు" అంది ఆవిడ.

ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినబడుతూనే ఉంది. అయినా అటూ ఇటూ చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. గొడవేంటో మాత్రం ఇద్దరూ చెప్పలేదు. భట్టిప్రోలు రాగానే, ఇంజను బొగ్గు నుసి కళ్లలో పడితే పడిందని ఎదుటి కిటికీ పక్కకి మారిపోయాను.

ఇద్దరూ కాసేపు నేను లేచిన చోటునే చూశారు. చివరికి ఆయనే ఇటు జరిగి, "కారప్పొడి తెచ్చావా?" అన్నారు.

"తేకుండా ఎప్పుడొచ్చానండీ?" అంటూ ఆవిడ కళ్లు తుడుచుకుంది.

మా ఇంట్లో ఈ రాయబారం పిల్లిది. నిన్నటి నుంచీ నేనూ మావారూ చెప్పుకోవలసినవన్నీ దానితోనే చెబుతున్నాం. ఈ సాయంత్రం దాని వంక చూడకుండా, "అన్నానికి రండి" అని ఆయన్నే పిలిచాను. పిలుపు కోసమే ఉన్నట్టు వచ్చేశారు.

ఇప్పుడు పిల్లి అలిగింది. దానికీ మాకూ మధ్య మాట్లాడిపెట్టేవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?