ఆఖరి బెంచీలో నడిపి కోడలు

చిన్న తాతయ్య ఏం తినేవాడు, ఏం తొడిగేవాడు, ఆయన సైకిలు ఏ రంగు అని అడిగి అడిగి నా ప్రాణాలు తోడేశారు. మీ నడిపి నానమ్మ గురించి మీలో ఒక్కడైనా అడిగాడా? ఇంటిల్లిపాది దిగిన ఫొటోలో ఆ చివర నిలబడి, కెమెరావాడిని కొట్టడానికి వచ్చినట్టు చూస్తున్న ఆవిడ ఎవరని ఎప్పుడైనా వేలు పెట్టి చూపించిన పాపాన పోయారా? గయ్యాళి అని మీ అమ్మలు చెప్పారు, మీరు తలలూపారు, అక్కడితో సరి. గయ్యాళే, కాదని నేననను. ఎట్లా అయిందో మాత్రం వినండి. ఆ ఫోన్లు కింద పడేసి వినండి.

మీ తాతమ్మకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మీ తాత, నన్ను కట్టుకున్నవాడు. నడిపివాడు నీళ్ళ ఆఫీసులో పంపు నడిపేవాడు. చిన్నవాడు అద్దం ముందు తల దువ్వేవాడు. వానలు పడే రోజుల్లో నడిపివాడు తడి చేత్తో మోటారు స్విచ్చి ముట్టుకుని పంపు గదిలోనే పోయాడు. పెళ్ళానికి అప్పటికి ముప్పై నిండలేదు. చంకలో ఒక ఆడపిల్ల.

పోయినవాడి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామని ఆఫీసువాళ్ళు కబురు పంపారు. ముందు హక్కు భార్యదే, కాని పదో తరగతి పాసై ఉండాలి. ఆవిడేమో పదిలో ఇంగ్లీషు ఒక్కటీ తప్పి, ఆ వేసవిలోనే పెళ్ళి చేసుకుని ఈ ఇంటికొచ్చిన మనిషి. ఏడాది గడువిచ్చారు. ఈలోగా ఆ ఒక్క పరీక్ష గట్టెక్కితే కుర్చీ ఆవిడది, తప్పితే మరిదిది. మరిది ఆ వారమే వెళ్ళి ఆఫీసుకని కొత్త ప్యాంటుకి కొలతలిచ్చి వచ్చాడు. ఆవిడ పాసవుతుందని ఈ ఇంట్లో ఎవరూ అనుకోలేదు, అనుకోవాలని ఎవరికీ లేదు కూడా.

నడిపి కోడలు ఆడపిల్లల హైస్కూలుకి వెళ్ళి పెద్ద టీచరమ్మ గది ముందు కూర్చుంది. పొమ్మన్నా పోలేదు. ఆ టీచరమ్మ విసిగిపోయి, ఇంగ్లీషు క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చో, నోరు మాత్రం విప్పకు అంది. నోరు విప్పకుండా కూర్చోవడం ఈవిడ వల్ల అయ్యే పనా?

ఇంగ్లీషు చెప్పే ఆయనకి పిల్లలు గైడు మాస్టారని పేరు పెట్టారు. పాఠం పుస్తకం తెరిచిన పాపాన పోడు. బజార్లో దొరికే గైడు తెచ్చి, అందులో ఉన్నది ఉన్నట్టు బోర్డు మీదికి ఎక్కించి, పిల్లల చేత అరిపించేవాడు. మొదట కథ, తర్వాత మాటలకి అర్థాలు, ఆ మాటలతో సొంత వాక్యాలు, చివర్లో ప్రశ్నలు, జవాబులు. సొంత వాక్యాలు కూడా గైడులోవే. ఎవరి సొంతమో ఆయనకే తెలియాలి. తన క్లాసులో పిల్లలకి పిన్ని వయసున్న ఆడది కూర్చోవడం ఆయనకి మొదటి రోజు నుంచీ కంట్లో నలుసే. మీ తాతమ్మ స్కూలు గేటు దగ్గర ఆయన్ని పట్టుకుని, దానికి చదువొస్తే మా కుర్రాడు రోడ్డున పడతాడు, కాస్త చూసుకోండి బాబూ అని చెప్పి వచ్చాక ఆ నలుసు దూలమైంది.

ఆ ఏడు పుస్తకంలో ఉన్న కథ ఇది. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఒక ముసలి విధవ. ఒక బాటసారి వస్తే అన్నం పెట్టి పడుకోబెడుతుంది. తెల్లారేసరికి వాడు ఆవిడకున్న ఒక్క ఆవునీ తోలుకుని పోతాడు. ఎన్నో ఏళ్ళకి బాగా సంపాదించి, మంచి ఆవునొకదాన్ని తీసుకొచ్చి ఆవిడ కాళ్ళ మీద పడతాడు. ఆవిడ క్షమించేస్తుంది. అయిపోయింది కథ.

అర్థాలు చెప్పేరోజు మాస్టారు బోర్డు మీద విడో అని రాశాడు. మొగుడు పోయిన ఆడదని అర్థం చెప్పాడు. దీంతో సొంత వాక్యం ఎవరు చెబుతారని అడిగాడు. ముందు బెంచీలో రెండు జడలమ్మాయి లేచింది. వెనక్కి తిరిగి, ఆఖరి బెంచీ వైపు వేలు చూపించి, "షీ ఈజ్ ఎ విడో" అంది.

క్లాసంతా తిరిగి చూసింది. నడిపి కోడలు చేతిలో పెన్సిలు ఉంది. దాన్ని అట్లాగే పట్టుకుంది. ఆ పిల్ల మీద కోపం రాలేదుట ఆవిడకి. పిల్లకేం తెలుసు, నేర్పిన వేలు చూపించింది. మాస్టారు ఏమంటాడా అని చూసింది. ఆయన గుడ్ అన్నాడు. సిట్ డౌన్ అన్నాడు. కొందరు పిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు.

ఆవిడ లేచి నిలబడింది. "సార్, పెళ్ళాం పోయిన మగాణ్ణి ఏమంటారు?"

ఆయన చాక్‌పీసు పొడి దులుపుకున్నాడు. "అది సిలబస్‌లో లేదు. కూర్చో."

ఇంటికొచ్చి నేరుగా పనిలో పడింది. కూర్చుని ఏడ్చే తీరికేదీ? ఇంట్లో పనంతా ఆవిడ నెత్తినే. అది కాక టైలరు దగ్గర్నుంచి చొక్కాలు తెచ్చుకుని కాజాలు కుట్టేది. ఒక్కో కాజాకీ ఒక్కో మాట నోట్లో నలిపేది. సూది గుచ్చినప్పుడు మాట, దారం లాగినప్పుడు అర్థం. అర్థం గుర్తు రాకపోతే దారం తెంపి మళ్ళీ కుట్టేది. మీ తాతమ్మ అది చూసి ఊరుకునే మనిషా? సరిగ్గా ఇంగ్లీషు క్లాసు వేళకే నడుం పట్టేసిందని మూలిగేది, నీళ్ళు కాచి పెట్టమనేది. కాచి పెట్టి, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ పరిగెత్తేది. మరిది గుమ్మంలో నిలబడి, దొరసానిగారు స్కూలుకెళ్తున్నారు, తప్పుకోండి తప్పుకోండి అనేవాడు. అదీ మీ చిన్న తాతయ్య సరదా.

ప్రశ్నలు, జవాబుల రోజు వచ్చింది. ఆ ముసలావిడ దొంగని ఎందుకు క్షమించింది? గైడులో జవాబు, ఆవిడది నోబుల్ హార్ట్ కాబట్టి. అంటే గొప్ప మనసట. క్లాసంతా నోబుల్ హార్ట్, నోబుల్ హార్ట్ అని అరుస్తోంది. ఆఖరి బెంచీ అరవలేదు. మాస్టారు చూడనే చూశాడు. లేవమన్నాడు. నువ్వు చెప్పు, ఎందుకు క్షమించిందన్నాడు.

"వాడు ఆవుని తెచ్చాడు సార్. ఇన్నేళ్ళూ పాలచుక్క లేకుండా బతికిన మనిషి. ఆవు కావాలంటే క్షమించాననాలి. అంది. గైడు మనసుదాకా ఎందుకు పోయిందో నాకు తెలీదు."

ఈసారి పిల్లలు గట్టిగానే నవ్వారు, ఆయన్ని చూసి. అదీ తంటా. ఆయన చెవులు కందిపోయాయి. కథ రాసినవాడికంటే నీకెక్కువ తెలుసా అన్నాడు. నోటి పరీక్షకి బయటి స్కూలు నుంచి ఒక టీచరమ్మ వస్తుంది, ఆవిడ ముందు ఇదే ప్రశ్న నిన్నే అడుగుతాను, నోబుల్ హార్ట్ అన్నావా సరే, అనలేదా సున్నా వేయిస్తాను, ఆ సున్నా పట్టుకెళ్ళి నీళ్ళ ఆఫీసులో చూపించుకో అన్నాడు. ఆ నోటి పరీక్ష మార్కులు కలిస్తేగాని ఆవిడ పాసు కాదని ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

ఆ మాట తన నోట్లోంచి రాదని పట్టు పట్టుకు కూర్చుంది. తనని వేలుపెట్టి చూపిస్తే గుడ్ అన్నవాడి ముందు నిలబడి, మోసపోయిన ఆడదానికి గొప్ప మనసుండాలని తను అప్పజెప్పాలా? ఉద్యోగం పోతే పోనీ. కాజాలు కుట్టి బతుకుతాను. కోపంలో ఆ రోజు కాజాలన్నీ వంకర్లు పోయాయి. టైలరు వాటిని చూసి చొక్కా మొహాన కొట్టినంత పని చేశాడు. సంగతేమిటని గద్దించాడు. చెప్పింది. ఆయనేమీ మంచివాడు కాదు, కూలి ఎప్పుడూ ఎగ్గొట్టేవాడే.

"అమ్మా తల్లీ, నిన్నొకడు చేటంత వెడల్పు కాలరు కావాలన్నాడు. నాకు చూస్తేనే వాంతొచ్చింది. కుట్టానా లేదా? తొడుక్కునేది వాడు. నువ్వు తొడుక్కుంటావా ఆ జవాబు? వాడి కొలతకి కుట్టి వాడి మొహాన పడేయి. ఈ కాజాలు విప్పి మళ్ళీ కుట్టు, వంకరగా ఉన్నాయి."

ఆవిడ కాజాలు విప్పి మళ్ళీ కుట్టింది.

నోటి పరీక్ష రోజు మీ తాతమ్మకి నడుం నొప్పి రాలేదు. ఏకంగా కళ్ళు తిరిగి పడిపోయింది. నడిపి కోడలు ఆవిడ మొహాన చెంబుడు నీళ్ళు కుమ్మరించి, లేచి కూర్చునేదాకా చూసి, తలుపు దగ్గరేసి వెళ్ళిపోయింది. చెంబుడు నీళ్ళా, బిందెడు నీళ్ళా అని ఈ ఇంట్లో ఇప్పటికీ తగువు.

బయటి నుంచి వచ్చిన టీచరమ్మ సన్నగా, నిద్ర చాలని మొహంతో ఉంది. పొద్దున్నించి ఒకటే కథ వినీ వినీ తల పట్టుకుని కూర్చుంది. మాస్టారు పక్కన కుర్చీలో. నడిపి కోడలి వంతు రాగానే ఆయన ముందుకి వంగి, ఆ ప్రశ్నే అడిగాడు.

ఆవిడ గోడకేసి చూస్తూ గైడులో ఉన్నది పొల్లు పోకుండా చెప్పేసింది. నోబుల్ హార్ట్ కూడా. గొంతులోంచి ముల్లు తీసి పారేసినట్టు చెప్పింది. మాస్టారు వెనక్కి వాలాడు. ఆయన మొహంలో ఆ తృప్తి చూసేసరికి ఆవిడకి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. అయినా కదల్లేదు.

టీచరమ్మ ఆవలించి, ఒక మాట ఇస్తాను, దాంతో నీ సొంత వాక్యం చెప్పు అంది. కథలోంచి ఏ మాట దొరికితే అదే ఇచ్చింది. ఫర్గివ్. క్షమించు.

గైడులో ఆ మాటకీ వాక్యం ఉంది. దేవుడు అందరినీ క్షమిస్తాడని. ఆవిడకి అది కంఠతా వచ్చు. మాస్టారి వైపు తిరిగింది. ఆ గదిలోకి వచ్చాక ఆయన మొహం చూడ్డం అదే మొదటిసారి.

"ఐ ఫర్గివ్ నోబడీ" అంది.

నేనెవర్నీ క్షమించను అని. మాస్టారు కుర్చీలోంచి లేచాడు. ఇది గైడులో లేదు, ఇట్లాంటివి మేము నేర్పలేదు, ఈవిడ క్లాసులో కూడా ఇట్లాగే అల్లరి పెడుతుందని మొదలెట్టాడు. టీచరమ్మకి నిద్ర వదిలింది. ఆవిణ్ణి కిందనుంచి పైదాకా చూసింది.

"వాక్యంలో తప్పేముందండీ? పొద్దున్నించి ఒక్కళ్ళయినా సొంతది చెప్పారా?" అని మార్కులు వేసేసింది.

పాసైంది. ఒడ్డున పడీ పడనట్టు, కాని పాసైంది. ఆ రోజు మీ తాతమ్మ పెట్టిన శోకాలు విని, ఇంకో కొడుకు కూడా పోయాడేమోనని వీధి వీధంతా మన గుమ్మంలోకి వచ్చింది. మరిది ఆ కొత్త ప్యాంటు తొడుక్కుని బతికినన్నాళ్ళూ, వదిన నా ఉద్యోగం మింగేసిందని ఊరంతా చెప్పుకు తిరిగాడు. మీ అమ్మలకి తెలిసింది ఆ కథే. మీరు విన్నదీ అదే.

ఆవిడ నీళ్ళ ఆఫీసులో కాగితాలు తీసుకునే బల్ల దగ్గర కూర్చుంది. ఆఫీసు వెనకే ఒక గది అద్దెకి తీసుకుని కూతురితో వెళ్ళిపోయింది. పెళ్ళికీ చావుకీ రమ్మంటే చావుకి మాత్రం వచ్చేది. బల్ల దగ్గర కూడా మంచి పేరేమీ తెచ్చుకోలేదు. గొంతు పెంచినవాడి కాగితం అడుక్కి వెళ్ళేది. పై ఆఫీసరు చీర బాగుందంటే, మీ ఆవిడకి కొనిపెట్టండి, బజార్లో ఉన్నాయి అని నలుగురిలో అనేసింది.

మంచం పట్టాక మీ తాతమ్మ కబురు పెట్టింది. చూడాలని కాదు. నువ్వు ఇన్నాళ్ళు చేశావుగా, ఇంక మానేసి ఆ ఉద్యోగం చిన్నవాడికి వచ్చేటట్టు చూడు అని అడగడానికి. ఆవిడ వచ్చింది, మంచం పక్కన నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. అయ్యేది కాదంది. అప్పుడు మీ తాతమ్మ గొంతు మార్చి, "పాతవన్నీ మనసులో పెట్టుకోకే" అంది.

"మరెక్కడ పెట్టుకోమంటారు అత్తయ్యా? చోటు మీరే చెప్పండి" అంది నడిపి కోడలు. దుప్పటి జారిపోతే సరిగ్గా కప్పి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది శవాన్ని ఎత్తే రోజునే.

ఉద్యోగం చివరిదాకా చేసింది. ఒక్క రోజు ముందు కూడా వదల్లేదు. కూతుర్ని చదివించింది, ఆ పిల్ల ఎక్కడో తన బతుకు తను బతుకుతోంది, మన గడప తొక్కదు, తొక్కక్కర్లేదు కూడా. రిటైరయ్యాక ఆవిడకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రిలో పోయింది. మన ఇంట్లోంచి నేనొక్కదాన్నే వెళ్ళాను. పోయేటప్పటికి ఆవిడకి అరవై రెండేళ్ళు.