మిరప టిక్కీల గదిలో గాంధారం

అన్నయ్య పోయిన నాలుగో రోజు నేను శాంప్లర్ల గురించి చదవడం మొదలుపెట్టాను. ఏడుపు రాలేదు. ఏదో ఒక పని కావాలి, నాకు బాగా తెలిసిన పని చదవడం.

శాంప్లర్ అంటే కంప్యూటర్లో నడిచే ఒక సాఫ్ట్‌వేర్. వాద్యంలోని ఒక్కో స్వరాన్ని రికార్డు చేసి దానికి అందిస్తే, చిన్న కీబోర్డు మీద మెట్టు నొక్కినప్పుడు అదే స్వరం పలుకుతుంది. నేను ఇంట్లోనే పాటలు రికార్డు చేస్తాను. ఎప్పుడూ కంప్యూటర్లో సిద్ధంగా దొరికే హార్మోనియాన్నే వాడాను. అన్నయ్య హార్మోనియం పక్క గదిలోనే ఉండేది. రామాలయం భజనలో ముప్ఫై ఏళ్లు వాయించిన పెట్టె. అది ఎక్కడికీ పోదనుకున్నాను.

మా ఊరి భజన బృందానికి ఒక కట్టుబాటు ఉంది. వాయించేవాడు పోతే, పదకొండో రోజు పెద్దకర్మ నాడు పెట్టె బృందానికి చేరాలి. అంటే నాకు ఏడు రోజుల గడువుంది. ఈలోగా దాని గొంతు నా దగ్గరికి దింపుకోవాలి.

అయిదు రోజులు చదువుతూనే గడిపాను. చివరికి మూడు శాంప్లర్లు మిగిలాయి. ఒకటి ఉచితం, ఏమీ సరిదిద్దదు, ఇచ్చింది ఇచ్చినట్టు పలుకుతుంది. రెండోది మధ్యరకం. మూడోది పెద్దది, కొన్నాళ్లు ఊరికే వాడుకోనిస్తుంది. శబ్దాన్ని శుభ్రం చేస్తుంది, శ్రుతి సరిచేస్తుంది. వాటి వివరాలన్నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివాను. అద్దంకి గ్రంథాలయంలో అలవాటైన పద్ధతి అది. అక్కడి ధ్వనిశాస్త్రం పుస్తకం మూడుసార్లు తెచ్చుకున్నదాన్ని.

"పెట్టె రేపు పోతుందమ్మాయ్. ఇంకా చదువుతానే ఉన్నావా?" అంది వదిన, పదో రోజు పొద్దున.

మెత్తటి సరుకు ప్రతిధ్వనిని పీల్చేస్తుందని ఆ పుస్తకంలో ఉంది. పత్తి అప్పటికే అమ్మేశాం. మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీలు మాత్రం ఒక గది నిండా పేర్చి ఉన్నాయి. పెట్టెను వాటి మధ్యకు మోసుకెళ్లాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

ముందు ఫోన్‌లో ఒక్క స్వరం పట్టి చూశాను, గాంధారం. అన్నయ్య పెట్టెలో ఆ మెట్టు వెంట్రుకవాసి తగ్గి పలికేది. ఊరంతా దానికే గొంతు కలిపి పాడేవాళ్లు. వదిన గాలి కొట్టింది, నేను మెట్టు నొక్కాను. తర్వాత మైకు పెట్టి అన్ని మెట్లూ రికార్డు చేశాం.

మర్నాడు పెట్టె వెళ్లిపోయింది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది వారం తర్వాత. ప్రతి స్వరంలోనూ దగ్గు. ఒకచోట నాది ఉంటే, మూడుచోట్ల వదినది. మిరప ఘాటులో పుట్టి పెరిగినవాళ్లం, దగ్గుతున్నామని మాకే తెలియలేదు. పెద్ద శాంప్లర్‌కు అప్పగించి శుభ్రం చేయమన్నాను. పాతవాటి మీదే భద్రపరచాలా అని అడిగితే అవునన్నాను. దగ్గులు పోయాయి. గాంధారం కూడా సరిగ్గా శ్రుతికి వచ్చేసింది. వాయించి చూస్తే అది ఎవరి పెట్టో తెలియలేదు.

రామాలయానికి వెళ్లి, భజనలో తాళం వేసే బాబాయిని అడిగాను, పెట్టె ఒక్క గంట ఇమ్మని.

"ఒక్క గంటేం ఖర్మ, రోజంతా ఉంచుకో. గాంధారం రీడు మార్పించాం, ఇప్పుడు కంచులా మోగుతుంది! మీ అన్న బద్ధకిష్టి, ఇన్నేళ్లూ దాంతోనే లాగించాడు."

"పాత రీడు ఉందా, బాబాయ్?"

"అదెందుకు? లైబ్రరీ అంతా నమిలేశావు, చిలుము పట్టిన రేకు నీకు దేనికే?"

దాన్ని ఎప్పుడో పారేశారట. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. కూర ఏమిటో గుర్తులేదు.

ఫోన్‌లోని ఆ ఒక్క స్వరం మిగిలింది. మెట్టు నొక్కిన కాసేపటికి వదిన దగ్గు. దాన్ని ఉచిత శాంప్లర్‌లో వేశాను. ఉన్న ఒక్క స్వరాన్నే అది మెట్లన్నిటికీ సాగదీసి పరుస్తుంది. పై మెట్లలో దగ్గు పిల్ల దగ్గులా సన్నబడింది. కిందికి వస్తున్నకొద్దీ నెమ్మదించి, బరువెక్కింది.

వసారాలో కాయల తొడిమలు తీస్తున్న వదిన చెయ్యి ఆపింది.

"మీ అన్న దగ్గు ఎట్టా వచ్చింది దీంట్లోకి?"

"అది నీదే వదినా. కింది మెట్టులో అట్టా వినపడుతోంది."

వదిన ఇంకో కాయ అందుకుని తొడిమ తీసింది.

"నాదేలే. ఉండనీ, తుడిచెయ్యమాక," అంది.

మిగతా రెండు శాంప్లర్లనూ కంప్యూటర్లోంచి తీసేశాను.