మహాలక్ష్మమ్మ గారి కుడి మోకాలు

1898వ సంవత్సరం. రామచంద్రపురంలో ఆడవాళ్ల కోసం పెట్టిన ఒక చిన్న డిస్పెన్సరీలో నేను నర్సుగా పనిచేస్తున్నాను. పెంకుటింట్లో ముందు గది మందులకు, వెనక గది కాన్పులకు. డాక్టరు దొరసాని వారానికొకసారి వచ్చి చూసి వెళ్లేవారు. మిగతా రోజులు అక్కడ నాదే రాజ్యం. జ్వరాలూ కాన్పులూ గజ్జీ చిడుముతో రోజులు గడిచిపోయేవి గానీ, వ్యాయామం చేసి నొప్పి తెచ్చుకున్న ఆడమనిషిని అంతవరకు చూసి ఎరగను.

ఆ ఏడు శ్రావణమాసంలో ముసురు పట్టిన ఒక ఉదయం మహాలక్ష్మమ్మ గారు గూడుబండి దిగి, గుమ్మం పట్టుకుని కుంటుతూ లోపలికి వచ్చారు. భారీ మనిషి. నలభై అయిదు దాటి ఉంటాయి. ఊళ్లో కలిగిన కుటుంబం, గడప దాటితే బండి. అంతకుముందు కార్తీకంలో ఆవిడ కూతురు కామేశ్వరికి పురుడు పోసింది మేమే. బిడ్డ క్షేమంగానే పుట్టింది గానీ తల్లికి రక్తం ఆగలేదు. ఆ పిల్ల మాకు దక్కుతుందని నేను అనుకోలేదు. అప్పుడు వసారాలో నిలబడి మహాలక్ష్మమ్మ గారు అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కుకున్నారట. పిల్ల బతికితే, మళ్లీ కార్తీకానికి తన కాళ్ల మీద కొండెక్కి, కూతురి చేతా అల్లుడి చేతా వ్రతం చేయిస్తానని.

"అమ్మాయికి చెప్పకేం నర్సమ్మా. తను అంత దాకా వెళ్లొచ్చిందని తెలిస్తే బెంగపెట్టుకుంటుంది" అన్నారు.

"మోకాలికేమయిందండీ?"

"కొండెక్కాలంటే కాళ్లకి అలవాటు కావద్దూ? పొద్దునా సాయంత్రం నడుస్తున్నా. పట్టుమని పది రోజులు కాలేదు, ఈ కుడి మోకాలు పట్టేసింది. మెట్టెక్కితే ఒక నొప్పి, దిగితే రెండు నొప్పులు. మా ఆయనేమో డోలీ మాట్లాడతానంటారు. డోలీలో వెళ్తే మొక్కు డోలీ వాళ్లు తీర్చినట్టు గానీ నేను తీర్చినట్టేంటి?"

ఆవిణ్ణి బల్ల మీద పడుకోబెట్టి చూశాను. జ్వరం లేదు. మోకాలిచిప్ప కింద నీరు చేరితే నొక్కినప్పుడు చిప్ప తేలినట్టు కదులుతుంది. అలాంటిదేమీ లేదు. కీలు బాగానే ముడుచుకుంటోంది. ఎన్నడూ పని ఎరగని తొడ కండలకి ఒక్కసారిగా పని చెబితే అవి మొయ్యలేక భారమంతా కీలు మీదికి తోసేస్తాయి. ఆ మాటే చెప్పాను. నాలుగు రోజులు విశ్రాంతి, ఆ తర్వాత సగం నడక, నడిచాక కోల్డ్ కంప్రెస్, అంటే చన్నీళ్లలో తడిపి పిండిన గుడ్డ మోకాలికి చుట్టడం. పైన పుయ్యడానికి లినిమెంటు సీసా ఇచ్చాను.

"నిదానమే ప్రధానం అండి" అన్నాను.

"ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారే అమ్మాయ్. కార్తీకం నాకోసం ఆగుతుందా?" అంటూ బండెక్కారు.

నాలుగు రోజులకి బాగానే ఉందని కబురు వచ్చింది. మరో వారానికి ఆవిడే వచ్చారు, మునుపటికన్నా ఎక్కువ కుంటుతూ. నాకు ఒళ్లు మండింది. చెప్పిన మాట వినకుండా మందు పని చెయ్యలేదనే వాళ్లని రోజూ చూస్తూనే ఉంటాను. గట్టిగానే అడిగాను. సగమే నడిచానని ఆవిడ ఒట్టు పెట్టుకున్నారు. మనిషి అబద్ధమాడే రకం కాదు. పోనీ ఎడమ మోకాలికి ఏమీ లేకుండా అస్తమానం కుడిదే ఎందుకు పట్టేస్తోంది? నాకు అంతుపట్టలేదు. సాయంత్రం మీ ఇంటికొచ్చి చూస్తానన్నాను.

వెళ్లాను. నేను వచ్చి వెళ్లాక ఆ ఇంట్లో వాకిలి కడిగించుకునేవారు. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. అందుకని నేను లోపలికి వెళ్లకుండా పెరటి మెట్టు దగ్గరే నిలబడి, "ఏదీ, మీరు రోజూ ఎలా నడుస్తారో అలా నడవండి, చూస్తాను" అన్నాను.

ఆవిడ కొంగు బిగించి, చేతులు జోడించి, పెరట్లో తులసికోట చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. రాతిపలకలు పరిచిన చోటు, బారెడు వెడల్పు. గబగబా, గానుగెద్దులా అక్కడక్కడే చుట్టూ చుట్టూ. ప్రదక్షిణం కనక కుడివైపు ఎప్పుడూ కోటవైపే. ప్రతి మలుపుకీ కుడి మోకాలు రాతి మీద మెలిక పడుతోంది.

"ఇదాండీ మీ నడక!"

"మరెక్కడ నడవమంటావు? పనీ పాటా లేకుండా వీధిలో పచార్లు చేస్తే నలుగురూ నవ్వరూ? ఇక్కడయితే వ్యాయామమూ అవుతుంది, పుణ్యమూ వస్తుంది."

"పోనీ సగం ఇటు, సగం అటునుంచి తిరగండి."

ఆవిడ చెవులు మూసుకున్నారు. "అప్రదక్షిణమా! రామ రామ! నువ్వు చర్చికెళ్లే పిల్లవి గనక సరిపోయింది."

నవ్వొచ్చింది గానీ, ఆ మాటతో అసలు చిక్కేమిటో తేలింది. ఆవిడకి కావలసింది మందు కాదు, తిన్నగా ఉండే మెత్తటి దారి. ఆ దారిలో నడవడానికి నలుగురూ ఒప్పుకునే ఒక పని. మా వైపు చేతిలో చెంబో బిందో ఉన్న ఆడదాన్ని ఎక్కడికని ఎవరూ అడగరు. పూజకి కాలవ నీళ్లు మీరే స్వయంగా తెచ్చుకోండి, కార్తీకందాకా నియమమని చెప్పండి అన్నాను. చిన్న చెంబు చాలు, దగ్గరి రేవు చాలు, మట్టి దారినే వెళ్లాలి. నొప్పి లేకపోతేనే ఆ పై రేవు దాకా. ఒకరోజు నడిస్తే మర్నాడు విశ్రాంతి. ఆ రోజు అరుగు మీద కూర్చుని కాలు తిన్నగా చాపి, దేవుడి పేరు నిదానంగా చెప్పుకునేంతసేపు నిలిపి, మెల్లగా దించాలి. తొడ కండ బలపడితే మోకాలికి బరువు తగ్గుతుంది.

భాద్రపదం గడిచేసరికి ఆవిడ పై రేవు దాకా వెళ్లొస్తున్నారు. ఇక ఎక్కడం నేర్పాలి. కాలవగట్టు దగ్గరికి తీసుకెళ్లి, నొప్పి కాలున్నవాళ్లకి మేం చెప్పే పాఠం చెప్పాను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

"అంటే కొండెక్కేటప్పుడు ఎడమకాలు ముందా? దేవుడి దగ్గరికి?"

"మొదటి అడుగు కుడికాలు పెట్టండి. ఆఖరున గుడి గడప దగ్గరా కుడికాలే పెట్టండి. ఆ మధ్యలో ఉన్నదంతా నాకొదిలెయ్యండి."

ఆవిడ "బేరం బాగానే ఉంది" అన్నారు.

కార్తీకంలో సెలవు పెట్టి నేనూ వెంట వెళ్లాను. కామేశ్వరి బిడ్డని ఒళ్లో పెట్టుకుని డోలీలో ముందు వెళ్లింది, అల్లుడు పక్కన నడిచాడు. మరో డోలీ వాళ్లు ఆశగా మా వెనకే వస్తూ, "ఎక్కండమ్మగారూ, ఇంకా చాలా ఉంది" అంటున్నారు.

"మా ఆయన్ని ఎక్కించుకోండి నాయనా, ఆయనకే ముచ్చటగా ఉంది" అన్నారీవిడ. ఆయన నిజంగానే ఎక్కారు.

సగం పైన ఆ మోకాలు పట్టేసింది. రాయి మీద కూలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "ఇక్కడ ఆగిపోతానేమోనే. పిల్లకేమైనా అయితే?" మొక్కుతో వాదించడం నా పని కాదు. తడిగుడ్డ చుట్టి, కాలు చాపించి, "ఎండెక్కితే ఎక్కనివ్వండి, కొండ ఎక్కడికీ పోదు" అన్నాను. నొప్పి తగ్గేదాకా కూర్చున్నాం. తర్వాత నా భుజం పట్టుకుని లేచారు. ఎడమ, కుడి. ఎడమ, కుడి. పొద్దు బాగా ఎక్కాక గుడి కనిపించింది.

పైన ఎదురుచూస్తున్న కామేశ్వరి, తల్లి చెమటతో తడిసి నడిచి రావడం చూసి పరిగెత్తుకొచ్చింది. అప్పటిదాకా అమ్మ వెనక డోలీలో వస్తోందనే అనుకుందట. ఎందుకింత పంతమని గుచ్చి గుచ్చి అడిగితే ఆవిడ మొక్కు సంగతి చెప్పక తప్పలేదు. పిల్ల మొహం తెల్లబోయింది.

"అయితే నేను బతకనని అనుకున్నావా అమ్మా?"

"పిచ్చిదానా, బతకవనుకుంటే మొక్కుతానుటే? బతుకుతావనే కదా, కొండెక్కుతానని ఏడాది ముందుగానే మాటిచ్చాను."

ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

తర్వాత నా సర్వీసులో మోకాళ్లు చాలా చూశాను. నడక మొదలెట్టి నొప్పని వచ్చిన వాళ్లకి సీసా అందించే ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. ఎక్కడ నడుస్తున్నారు? ఏ ఊరు చేరాలని నడుస్తున్నారు? మొదటిది తెలిస్తే మందు సగం తగ్గించవచ్చు. రెండోది చెప్పగలిగిన మనిషికి కాస్త ఆలస్యంగానైనా నయమవుతుందని నాకు ధైర్యం.