తూటికాడ మొగ్గలు

ఈస్టరు ముందు రోజు సాయంత్రం మా ఆయన చెప్పులేసుకుంటూ, "గట్టు మీదకి వస్తావా?" అన్నారు. నా చేతిలో సేమ్యా పొట్లం అలాగే ఉండిపోయింది. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో ఆయన ఆ మాట అడగడం ఇదే మొదలు.

మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఈస్టరు నాడు తెల్లవారకముందే సమాధుల తోటకి వెళ్ళి, కొవ్వొత్తులు వెలిగించి పూలు పెట్టడం మావాళ్ళ ఆనవాయితీ. అందరూ బంతులూ చామంతులూ కొంటారు. అత్తగారికి మాత్రం ఏటిగట్టు పూలే ఇష్టమట. అందుకని ఏటా ముందు రోజు అంబాజీపేట నుంచి మా వదినగారు, అంటే ఆయన అక్కగారు, బస్సు దిగేవారు. సాయంత్రం అక్కాతమ్ముళ్ళిద్దరూ వైనతేయ ఏటి గట్టెక్కేవారు. పచ్చటి పల్లేరు పూలూ, గడ్డిచామంతులూ, లేత ఊదారంగు తూటికాడలూ కోసుకుంటూ పడవల రేవు దాకా నడిచి, పొద్దుగూకాక ఆవిడ చీర అంచుల నిండా గడ్డిగింజలతో నవ్వుకుంటూ వచ్చేవారు. నన్ను రావద్దని ఎవరూ అనలేదు. రమ్మనీ అనలేదు. ఇంట్లో నాతో "ఊఁ", "ఆఁ" అని సరిపెట్టే మనిషికి అక్కగారితో అన్ని కబుర్లెక్కడివో! నేను వంటింట్లో కొబ్బరి కోరుతూ కుళ్ళుకునేదాన్ని. కుళ్ళే, ఇంకో మాటెందుకు? పైగా ఆవిడ మంచి మనిషి. తిట్టుకోడానికి ఒక్క వంక దొరికేది కాదు.

ఒక ఏడు ఉండబట్టలేక శనివారం పొద్దున్నే నేనొక్కదాన్నే గట్టు మీదకి వెళ్ళాను. విచ్చిన తూటికాడ పూలన్నీ కొమ్మలతో కోసి, అందం చెడగొడుతున్నాయని మొగ్గలన్నీ తుంచి ఏట్లో పారేశాను. మధ్యాహ్నం వదినగారు వచ్చేసరికి వాకిట్లో బకెట్టు నిండా పూలు.

"ఎంత బాగున్నాయమ్మా! ఒక్కదానివే కోసేవా? మరి మొగ్గలేవీ?"

"ఆయ్, ఒక్కదాన్నేనండి. మొగ్గలెందుకని పారేశానండి. ఈ ఏడు మీరు వెళ్ళక్కర్లేదండి," అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం బకెట్టు వంక చూశారు. "అయితే ఈసారి అమ్మకి కోడలి పూలే," అని కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళిపోయారు.

తూటికాడ పువ్వు ఒక్కపూట పువ్వని, సాయంత్రం మొగ్గలు కోసి నీళ్ళలో పెడితేనే తెల్లారికి విచ్చుకుంటాయని నాకెవరు చెప్పారు? తెల్లవారుజామున చూస్తే బకెట్లో అన్నీ తడిసిన కాగితాల్లా వాలిపోయి ఉన్నాయి. వదినగారు వాటినే తీసుకెళ్ళి, ఏమీ జరగనట్టు అత్తగారి సమాధి మీద పరిచారు. చుట్టూ అందరివీ పూలతో వెలిగిపోతుంటే మాది వెలవెలబోయింది. తిరిగొస్తూ మా ఆయన మెల్లిగా అన్నారు: "అక్కకి నిన్ననే తెలుసు. మళ్ళీ వెళ్ళి కోస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని నన్నూ వెళ్ళొద్దంది." సిగ్గుతో చచ్చిపోయాను. మరుక్షణమే మళ్ళీ ఒళ్ళు మండింది. అంటే నా గురించి కూడా వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారన్నమాట.

వదినగారూ ఆ సమాధుల తోటకే చేరి రెండేళ్ళయింది. రెండేళ్ళూ మా ఆయన ఒక్కరే వెళ్ళి కోసుకొచ్చారు. మొన్న మాత్రం నన్ను పిలిచారు. సేమ్యా పొట్లం అక్కడే పడేసి, మంచి చీర కట్టుకుని మరీ వెళ్ళాను. గట్టంతా పూసి ఉంది. నేను మొగ్గలు చూసి చూసి కోస్తుంటే ఆయన నా పక్కనే, అడుగులో అడుగేసుకుంటూ నడిచారు. నాకోసమే కదా అని లోపల పొంగిపోయాను.

"నాకేం మోకాళ్ళ నొప్పులు లేవండి. ఎందుకంత నెమ్మదిగా నడుస్తున్నారు?" అన్నాను మురిపెంగా.

"అక్కతో అలవాటైపోయింది," అన్నారు ఏటి వంక చూస్తూ.

మనిషిని తీసుకుపోవడానికి కాలానికి ఒక్కరోజు చాలింది. ఆవిడ నడకని ఆయన కాళ్ళలోంచి తియ్యడానికి ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు, నేనైతే కాచుకుని ఉన్నాను.