అలియాబాద్‌లో ఐపీ పెట్టిన రోజు

2018 మాఘమాసంలో నాకు మేడ్చల్, శామీర్‌పేట ఏరియా అప్పగించారు. ఒక ప్రైవేటు ఇంటర్నెట్ సంస్థలో సీనియర్ ఫీల్డ్ ఇంజినీరుని. అంటే స్తంభాలెక్కి వైరు లాగేవారికి పైన, కుర్చీలో కూర్చుని "ఎంతవరకు వచ్చింది?" అని అడిగే ఏరియా మేనేజరుకు కింద. మచ్చ బొల్లారంలో ఇల్లు గనుక ఈ ఏరియా నాకు దగ్గరని మేనేజరు వాదన. దగ్గరైతే పెట్రోలు తాగని స్కూటీ ఇప్పించమని నా వాదన. తలుపు తీసిన ప్రతివాళ్ళూ నా భుజం మీదుగా వెనక్కి చూసి, "సారు రాలేదామ్మా?" అనేవారు. సారు ఇంట్లో పప్పు పోపు పెడుతున్నారని చెప్పి లోపలికి వెళ్ళేదాన్ని.

అలియాబాద్‌లో యాదగిరి గారిది టెంట్ హౌస్. శామియానాలు, కుర్చీలు, వంట గంజులు పెళ్ళిళ్ళకు అద్దెకిస్తారు. కింద ఆయన, పైన తమ్ముడి కుటుంబం. కింద ఒక కంప్యూటరు, పైన ఒకటి, తమ్ముడి భార్య కవిత ల్యాప్‌టాప్ మూడోది. ఎవరి దగ్గరికి వచ్చిన బుకింగు వాళ్ళు తమ దాంట్లో ఎక్కించుకునేవారు. దాంతో కార్తీకంలో ఒకే పెద్ద శామియానాను ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళకు మాటిచ్చేశారు. ఒక పెళ్ళి టార్పాలిన్ కింద జరిగింది. ఇంకోసారి అలా జరిగితే ఊళ్ళో తమను పిలిచేవాడు ఉండడని కవితే పట్టుబట్టి మాకు ఫోన్ చేసింది.

పని చిన్నదే. బయటి లైను రౌటరులోకి వస్తుంది. రౌటరు నుంచి మూడు కంప్యూటర్లకు మూడు వైర్లు. బుకింగు పట్టిక యాదగిరి గారి కంప్యూటరులో ఉంచి, మిగతా రెండూ దాన్నే తెరిచేలా చేయాలి. అందుకు ఒక్కో కంప్యూటరుకు ఒక్కో నంబరు ఉండాలి. దాన్నే ఐపీ అడ్రసు అంటాం. మామూలుగా రౌటరే ఇస్తుంది గానీ, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది మారిపోయే అవకాశం ఉంది. కాబట్టి మనమే మారని నంబరు ఒకటి పెడతాం. మా వాళ్ళ భాషలో దీన్ని "ఐపీ పెట్టడం" అంటారు. అంతకు ముందు ఎవరో మహానుభావుడు కిందా పైనా ఒకే నంబరు పెట్టి వెళ్ళాడు. ఒకటి పనిచేస్తే ఇంకొకటి పడుకునేది.

పని నడుస్తుండగా ఆఫీసుకు ఫోనులో చెప్పాలని రూలు. ఇంట్లో సిగ్నలు లేక వాకిట్లోకి వచ్చి, అవతలి మనిషికి చెవుడేమో అన్నంత గట్టిగా చెప్పాను.

"యాదగిరి గారికి ఐపీ పెట్టేశాను. ఇప్పుడు తమ్ముడికి పెడుతున్నాను. ఆ ఇంటి కోడలికి కూడా పెట్టేస్తే ఇక గొడవుండదు. మధ్యాహ్నానికల్లా మొత్తం అయిపోతుంది."

వ్యాపారం చేసేవాళ్ళ భాషలో ఐపీ పెట్టడమంటే దివాలా పిటిషన్ వేసి చేతులెత్తేయడం. ఆ సంగతి నాకు తెలియక కాదు. వైర్ల మధ్య ఉన్నప్పుడు తట్టలేదు. గోడవతల మిరపకాయలు ఎండబెడుతున్న సత్తెమ్మకు మాత్రం వెంటనే తట్టింది. మిరపకాయలు అక్కడే వదిలేసి ఊళ్ళోకి నడిచింది.

నేను పై కంప్యూటరు ముగించి కిందికి దిగేసరికి వాకిట్లో ట్రాలీ ఆటో ఉంది. గురువారం కూతురి పెళ్ళి పెట్టుకున్న నర్సింలు, బామ్మర్దులతో వచ్చి కుర్చీలు ఎక్కిస్తున్నాడు. కుర్చీల దొంతర ఒక కొస ఆయన చేతిలో, ఇంకో కొస కవిత చేతిలో. వెనక ఇంకా పదిమంది, అందరూ ఈ నెల ముహూర్తాలవాళ్ళే.

"ఇడువు చెల్లె. రేపు కోర్టోళ్లు తాళమేస్తే నా బిడ్డ పెండ్లి ఎండల జెయ్యాల్నా?"

"ఎవలు జెప్పిండ్రు నీకు తాళమేస్తరని?" అంది కవిత.

"సత్తెమ్మ చెవుల విన్నది. గీ మేడమే పెట్టిందట, ఇంట్ల అందరికి."

అందరూ నావైపు తిరిగారు. నేను ప్లీడరును కాను, ఇంటర్నెట్ మనిషినని చెప్పాను. నర్సింలు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నల్ల బ్యాగు, మెడల కార్డు, మాట మాటకి లా పాయింటు. ప్లీడరు లెక్కనే ఉన్నవ్ గదమ్మా."

సరిగ్గా అప్పుడే యాదగిరి గారు బండి మీద వచ్చారు. పొద్దున్నే ఆయనకు ఐపీ గురించి ఓపిగ్గా పాఠం చెప్పి ఉన్నాను. అదే నాకు చుట్టుకుంది.

"అన్నా, ఐపీ పెట్టినవట నిజమేనా?" అని అడిగాడు నర్సింలు.

యాదగిరి గారు బండి స్టాండు వేసి, మీసం సవరించుకున్నారు.

"పెట్టించిన. నాకొకటి, తమ్మునికొకటి, కవితకొకటి. మేడ్చల్ల పెద్ద పెద్దోళ్లందరు పెట్టించుకున్నరు. మనమే ఎనకవడ్డం."

ఆ తర్వాత గంజులు కూడా ట్రాలీ ఎక్కడం మొదలుపెట్టాయి. నేను వెళ్ళి, ఎత్తబోతున్న కుర్చీలో కూర్చున్నాను. ఐపీ అంటే కంప్యూటరుకు ఇంటి నంబరు లాంటిదన్నాను. మీ ఇంటికి నంబరు ఉంది కదా, మీరు దివాలా తీశారా అని అడిగాను.

"నా ఇంటికి నంబరు పంచాయతోళ్లు ఏసిండ్రు. నీ లెక్క నల్ల బ్యాగోళ్లు కాదు," అన్నాడు నర్సింలు.

వాదనలో నా నోరు మూయించినవాళ్ళు తక్కువ. అందుకే మాట మాని, ఆయన్ని మేడ మీదికి తీసుకెళ్ళాను. కింద కంప్యూటరు ముందు యాదగిరి గారిని కూర్చోబెట్టాం. కవిత పైనుంచి పట్టిక తెరిచి నర్సింలు పేరు ఎక్కించింది. కింద నుంచి కేక వినిపించింది.

"నర్సింలు. గురువారం. పెద్ద శామియానా. అచ్చింది."

నర్సింలు కాసేపు స్క్రీను చూశాడు. ఆ పక్కనే, అదే రోజుకు సత్తెమ్మ పేరు వేయమని కవిత చెవిలో చెప్పాడు. ఆమె వేసింది. యాదగిరి గారి గొంతు ఈసారి మెట్లెక్కి వచ్చింది.

"ఎవలది, నర్సింలు దినం మీద సత్తెమ్మకు పెండ్లి జేసేది? తియ్యి, తియ్యి."

కింద జనం నవ్వారు. అందరికంటే గట్టిగా సత్తెమ్మ మొగుడు. నర్సింలు దిగివచ్చి, కుర్చీలు దింపమని బామ్మర్దులకు చెప్పాడు. గంజులు మాత్రం ట్రాలీలోనే ఉన్నాయి. అవి కూడా దింపమంది కవిత.

"నమ్మకం అయింది చెల్లె. గంజులు మాత్రం తీస్కవోత," అని ఆటో ఎక్కాడు.

ఆ సీజనంతా టెంట్ హౌస్‌లో ఏ సామానూ ఒకే ముహూర్తానికి ఇద్దరికి మాటివ్వలేదు. అలియాబాద్ నుంచి మాకు కొత్త కనెక్షన్లు కూడా వచ్చాయి. ఫోన్ చేసిన ప్రతివాళ్ళదీ ఒకటే షరతు: "నెట్టు పెట్టుండ్రి గని, ఐపీ వద్దు." మేనేజరు ఈ మాటకు నవ్వితే, ఐపీ లేకుండా నెట్టు ఎలా వస్తుందో వెళ్ళి వాళ్ళకు చెప్పి రమ్మన్నాను. వెళ్ళలేదు.

మా వృత్తిలో ఒక మాట సరైనదైతే సరిపోదు. మనకంటే ముందు ఆ ఊళ్ళోకి అదే మాట ఎవరితో, ఏ అర్థంతో వచ్చిందో తెలుసుకోవాలి. ఉద్యోగం వదిలేదాకా నేను "నంబరు ఇచ్చాను" అనే అన్నాను, అదీ తలుపు వేసుకుని.