పక్కతెర వెనక చెప్పని మాట

పోయిన ఆదివారం ఖమ్మంలో మా బావకు సన్మానం జరిగింది. ఇంటికి తిరిగొచ్చి నాలుగు రోజులైనా ఆ చప్పట్లు నా చెవులను వదలలేదు. సభకు రమ్మని పంపిన కార్డును చదువుతున్న పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాను. దాని మీద బావ ఫొటో కింద ‘మౌనాన్ని మాట్లాడించిన దర్శకుడు’ అని అచ్చువేశారు. పేజీ తెరిచినప్పుడల్లా ఆ ముక్క కనబడి ఒళ్లంతా అలసటగా ఉంటుంది. ఎందుకో చెప్పాలంటే నలభై ఏళ్లు వెనక్కి పోవాలి. పక్కతెర వెనక నుంచి గుసగుసగా వచ్చే ప్రాంప్టరు గొంతు గుర్తున్నవాళ్లకు నా బాధ త్వరగానే అర్థమవుతుంది.

బావ అంటే మా మేనత్త కొడుకు. వాళ్లది వైరా, మాది దమ్మపేట. నా బడిచదువు ఏడో తరగతితో ఆగిపోయింది. సైకిలు షాపులో పంక్చర్లు వేసి, చేతుల నలుపు కిరసనాయిలుతో కడుక్కుని, గ్రంథాలయం తలుపులు తెరిచే వేళకు మెట్ల మీద కూర్చునేవాణ్ణి. అర్థమైనవీ కానివీ అని చూడకుండా బీరువాలు వరసగా చదివాను. ఇది గొప్పకే చెబుతున్నాను, చెప్పుకోవడానికి నాకు ఇంతకంటే వేరే ఏమీ లేదు. తడుముకోకుండా చదువుతానని బావ తన నాటక సమాజంలో నన్ను ప్రాంప్టరుగా పెట్టుకున్నాడు, ‘లైబ్రరీ’ అని పేరు కూడా పెట్టాడు. “ఏం లైబ్రరీ, ఇయ్యాల ఏ బీరువా మింగినవ్?” అని అందరి ముందూ ఆటపట్టించేవాడు. బావ కాబట్టి పడేవాణ్ణి.

ఆ రోజుల్లో ఆడవేషాలకు కోస్తా వైపు నుంచి నటీమణులను పిలిపించేవాళ్లం. నిన్న ఇంకో ఊళ్లో ఇంకో నాటకం ఆడి, పొద్దున బస్సు దిగి, ఒక్కసారి కథ విని ముఖానికి రంగు వేసుకునేవాళ్లు. మాటలు కంఠస్థం చేసే తీరిక వాళ్లకెక్కడిది! మేం పక్కతెర వెనక నుంచి చదువుతుంటే, అరక్షణం వెనకగా దాన్ని తమ మాటగా చేసి పలికేవాళ్లు. చూసేవాళ్లకు అతుకు కనబడేది కాదు.

భద్రాచలంలో పోటీలకు బావ ఒక కొత్త నాటకం రాశాడు. అడవి అంచు పల్లెలో బీడీలకు వాడే తునికాకు కట్టలు కట్టుకునే తల్లి కథ. పొద్దున అలిగి వెళ్లిన కొడుకు గోదావరి వరదలో పోయాడని కబురు వస్తుంది. అప్పుడు తల్లికి బావ రాసిన మాట ఒక్కటే: “నా కొడుకు బువ్వ తినకుంటనే పోయిండా?” అంతే, తెర.

నాకది మరీ పేదగా కనబడింది. అంత దుఃఖానికి అంత చిన్న మాటా? గోదావరిని నిందిస్తూ, విధిని నిలదీస్తూ, చదివిన పుస్తకాల బలమంతా పోసి పన్నెండు వరసలు రాసి నాటకం ప్రతిలో ఆ మాట మీద అంటించాను. బావతో అనలేదు. హాలు చప్పట్లతో మోగాక చెబుదామనుకున్నాను.

ఆ ఘట్టం వచ్చింది. నేను మొదలుపెట్టాను. తల్లి వేషం వేసినావిడ మొదటి సమాసం దగ్గరే తడబడి నావైపు చూసింది. మళ్లీ చెప్పాను. పెదవులు కదిలాయి, మాట రాలేదు. కంగారులో బావ రాసిన మాట కూడా నాకు గుర్తురాలేదు. అసలు మాట నా అతుకు కాగితం కిందే ఉంది, పీకితే ప్రతి చిరిగింది. నేనూ ఆగిపోయాను. ఆవిడ మెల్లగా కూర్చుని, పక్కనున్న ఆకులు తీసి కట్ట కట్టడం మొదలుపెట్టింది. ఒక కట్ట. ఇంకో కట్ట. హాల్లో దగ్గు కూడా వినబడలేదు. ముందు వరసలో ఎవరో తల్లి వెక్కి వెక్కి ఏడ్చింది. తెర పడింది.

మొదటి బహుమతి మాకే వచ్చింది. బావ పరుగున వచ్చి ఆవిడను అడిగాడు, “ఎవరు ఆగమన్నరమ్మా?”

“ప్రాంప్టరు గారు ఆగారండీ, నేనూ ఆగాను. నన్నెందుకు తిడతారు, ఆయన్నడగండి,” అంది ఆవిడ.

బావ నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. “ఏ పుస్తకంల చదివినవ్‌రా గిట్ల చేయాలని?” అన్నాడు. నిజం చెప్పడానికి అదొక్కటే క్షణం. “ఉంది బావా, ఒక పాత పుస్తకం,” అన్నాను.

ఆ పుస్తకం పేరు కోసం బావ ఎన్నేళ్లు అడిగాడో! చెదలు పట్టిందన్నాను, అట్ట ఊడిపోయిందన్నాను. ఆ తర్వాత బావ నాటకాల్లో ప్రాంప్టరే లేడు. నెలల తరబడి రిహార్సళ్లు చేయించి, మాటలు కోసి కోసి మౌనాలు పెట్టేవాడు. నేను షాపుకు తిరిగొచ్చాను. బావ హైదరాబాదు వెళ్లి సినిమాలు తీశాడు, అవార్డులు అందుకున్నాడు. ఎవరడిగినా, “మా బామ్మర్ది చదివిన పుస్తకంలోంచి నేర్చుకున్న,” అనేవాడు. పత్రికలో అది చదివినప్పుడల్లా పానా చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయేవాణ్ణి.

ఈసారైనా చెప్పేయాలనే ఖమ్మం వెళ్లాను. బావ మైకు ముందు నిలబడి, “భద్రాచలంల ఒకసారి...” అని ఆగాడు. ఎంతకీ మాట రాలేదు. జనం అది ఆయన పేరుమోసిన మౌనమనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అర్థమైంది, ఎందుకంటే బావ జనం వైపు చూడడం లేదు. పక్కతెర వైపు చూస్తున్నాడు. అక్కడెవరూ లేరు.

తర్వాత లోపలి గదిలో శాలువాల మధ్య కూర్చున్న బావ పక్కన చేరి అంతా చెప్పాను. పుస్తకం లేదు బావా, ఎన్నడూ లేదు, నా పొగరే నీ నాటకాన్ని ఆపింది అన్నాను. బావ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు విన్నాడు. బావ భార్య, నాకు వరసకు అక్క, కళ్లొత్తుకుంటూ, “ఏడాది నుంచి గిట్లనే ఉన్నడు, మతిల ఏదీ నిలుస్తలేదు,” అంది.

బావ నావైపు వంగి, పాత రోజుల్లోలాగే గొంతు తగ్గించి అడిగాడు, “తర్వాత ఏంది? చెప్పు.”

నలభై ఏళ్ల కింద నేను ఎగ్గొట్టిన మాటనే చెవిలో చెప్పాను. నా కొడుకు బువ్వ తినకుంటనే పోయిండా. బావ అరక్షణం వెనకగా, ఒక్క అక్షరం పోకుండా పలికాడు. పలికి, “మంచిగున్నది. ఎవరు రాసిండ్రు?” అన్నాడు.

ఇప్పుడు నాటకాలకు మెడలో మైకులు, గోడ మీద తెరలు వచ్చాయి, పక్కతెర వెనక మనిషిని నిలబెట్టే అవసరం పోయింది. మంచిదే. కానీ మన వయసు వాళ్లం ఒక్కొక్కరం మాట మధ్యలో ఆగిపోయే రోజులివి. ఆగినప్పుడు అటువైపు చూస్తే, తర్వాతి మాట తెలిసిన మనిషి ఒక్కడైనా ఇంకా నిలబడి ఉన్నాడా అని భయంగా ఉంటుంది.