గమ్ములో మిగిలిన వేలిముద్ర

కాక పోయాడన్న కబురు వచ్చేసరికి నా చేతిలో కలిపిన గమ్ము ఉంది. అరబ్బు దేశంలో, ఖఫ్జీ రేవు పక్కన మా పడవల వర్క్‌షాపులో, ఒక అల్యూమినియం పడవ అడుగున మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాను. పక్కన పెట్టిన ఫోన్ మోగితే మోచేత్తో నొక్కాను. జగిత్యాల దగ్గర వాళ్ల ఊరి నుంచి ఆయన కొడుకు. "అన్నా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ తాగి మంచంల ఒరిగిండు. మళ్ల లేవలే" అన్నాడు.

ఏడవడానికి కూడా వీల్లేకపోయింది. కలిపిన గమ్ము కాసేపట్లో రాయైపోతుంది. "గమ్ము కలిపినంక టైము మనది కాదు రా, దానిది" అని నేర్పింది ఆయనే. పని ముగించి, అది పట్టుకుందని తెలిశాకే లేచాను. తర్వాత పడవ అంచు పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

ఆయన నాకు చుట్టం కాదు. రేకు పని మేస్త్రీ. మేముండే లేబర్ క్యాంపులో తెలుగువాళ్లందరికీ కాకే. నాది నిజామాబాద్ వైపు, వైరింగ్ పని. ఫిష్ ఫైండర్ బిగించేటప్పుడు మాత్రం ఆయన పనీ నా పనీ ఒకటయ్యేవి. సముద్రం ఎంత లోతుందో, చేపలు ఎక్కడున్నాయో తెర మీద చూపించే యంత్రం అది. నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చేది వినే భాగం అరచేతిలో ఇమిడే గుండ్రటి ముక్క. దానికో పెద్ద ఇంగ్లీషు పేరుంది. కాక మాత్రం 'బిళ్ళ' అనేవాడు.

కొందరు పడవకు కన్నం పెట్టి ఆ బిళ్ళను బిగిస్తారు. కాక చస్తే ఒప్పుకునేవాడు కాదు. ఇత్తడి బోల్టు తగిలిన చోట ఉప్పునీళ్లు అల్యూమినియాన్ని తినేస్తాయని ఆయనకు తెలుసు. "పడవకు ఒక్కటే ధర్మం. నీళ్లు బయట, మనిషి లోపట" అనేవాడు. అందుకే బిళ్ళను లోపలే, రేకుకు గమ్ముతో అతికించేవాడు.

అతికించే ముందు పడవను నీళ్లలో ఉంచి, పాలిథిన్ సంచిలో నీళ్లు పోసి, బిళ్ళను అందులో వేసి మూతి కట్టేవాడు. రివెట్లకూ అడ్డపట్టీలకూ దూరంగా లోపలి రేకు మీద ఆ సంచిని ఒక్కో చోట ఆనించేవాడు, డాక్టరు రోగి వీపు మీద గొట్టం పెట్టినట్టు. తెర దగ్గర నేను.

"కనబడ్తుందా?"

"లేదు కాకా."

"ఇగో, ఇప్పుడు?"

సముద్రపు అడుగు తెర మీద తెగని గీతగా కనిపించిన చోట పెన్సిల్‌తో సున్నా చుట్టేవాడు. తర్వాత పడవను ఒడ్డుకు లాగి, అక్కడి రంగును ఎమరీ పేపర్‌తో తళతళలాడేదాకా రుద్దేవాడు. ఎండాకాలమైతే ఎండెక్కకముందే నన్ను లేపేవాడు. రేకు వేడెక్కకుండా తడి గోనెసంచులు కప్పేవాడు. "ఏందే కాకా, పెండ్లికొడుకును చేసినట్టు చేస్తున్నవ్ పడవను" అని విసుక్కుంటే, "నీకెట్లా అయితలేదు గదరా, దీనికన్న కానీ" అని నవ్వేవాడు.

గమ్ము పోసి, బిళ్ళను కొంచెం కొంచెం తిప్పుతూ దించేవాడు. కింద ఆవగింజంత గాలిబుడగ ఉన్నా ఆయనకు నచ్చదు. "గాలి ఉన్న కాడ మాట దాటది" అనేవాడు. చివర్లో గ్లౌజు తీసి, గమ్ము పట్టుకునేదాకా అంచున బొటనవేలితో కదలకుండా ఒత్తి ఉంచేవాడు. ఎప్పుడో రేకు కోసుకుపోయి ఆ వేలికి అడ్డంగా ఒక గాటు. ఆ గాటుతో సహా ఆయన వేలిముద్ర ప్రతి పడవలోనూ పడేది.

ఇక నేను చెప్పాల్సిన సంగతి చెబుతాను. ఆయన బతికుండగా చెప్పలేకపోయింది అదే.

మూడేళ్ల కిందట, నడి వేసవిలో, కాక ఇకామా అనే నివాస పర్మిట్ పని మీద ఆఫీసుకు వెళ్లిన రోజు, ఒక తెల్ల పడవకు నేనొక్కడినే బిళ్ళ అతికించాను. మిట్టమధ్యాహ్నం. గోనెసంచులు లేవు. రెండు రోజుల్లో నా సెలవు, మనసంతా ఊళ్లోనే ఉంది. కాలుతున్న రేకు మీద గమ్ము పొంగినట్టయి, చూస్తుండగానే గట్టిపడింది. లోపల బుడగలు కనిపిస్తూనే ఉన్నాయి. చూసీ చూడనట్టు పైన పలక వేసేశాను.

మర్నాడు పడవ యజమాని సముద్రంలోంచి తిట్టుకుంటూ తిరిగొచ్చాడు. తెర మీద ఏమీ లేదు. మా ముదీర్, అంటే మేనేజరు, అందరినీ నిలబెట్టి ఎవరు చేశారని అరిచాడు. చేసినవాడికి సెలవు లేదన్నాడు. అప్పటికే సెలవు దొరక్క నాకు రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఈసారి పెళ్లిచూపులకు రోజు కూడా పెట్టారు.

"అనా" అన్నాడు కాక, అరబ్బీలో. నేనే, అని.

నేను నోరెత్తలేదు. నన్ను కాపాడాలని అన్నాడో, తను లేనప్పుడు జరిగినా తన పనేననుకుని అన్నాడో ఇప్పటికీ తెలియదు. నేను విమానమెక్కాను. ఆయన సెలవు ఆగిపోయింది. ఆ సెలవు మొదటి మనవడి తొట్టెల పండుగ కోసం పెట్టుకున్నది. నేను ఊళ్లో ఉండగా ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "బాపు తొట్టెల ఫోన్లనే చూసిండన్నా. పడవల కూసొని ఏందో గీకుతుండె. పాట గూడ పాడిండు" అన్నాడు. గీకుతున్నది నా బుడగల గమ్మునే.

ఆ సెలవులోనే నాకు పెళ్లి కుదిరింది. తిరిగొచ్చాక కాక ఒక్కటే అడిగాడు. "పిల్ల మంచిగున్నదారా?" ఉంది కాకా, అన్నాను. మిగతాది చెప్పలేదు. సిగ్గు. తర్వాత భయం. తర్వాత, ఇప్పుడు ఎందుకులే అన్న బద్ధకం.

నిరుడు ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఊరికి వెళ్లిపోయాడు. ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు. నీళ్లు తాగుతున్నవా, గోనెలు తడుపుతున్నవా అని అడిగేవాడు. పోయిన శుక్రవారం ధైర్యం చేసి, "కాకా, ఆ తెల్ల పడవ ఉండె చూడు..." అని మొదలుపెట్టాను. ఇంతలో మనవడు ఫోన్ గుంజుకుని ఏదో కూశాడు. తొట్టెలనాడు తాత ఎత్తుకోలేకపోయిన పిల్లవాడే. "ఆగు రా, వీడు ఇడుస్తలేడు. వచ్చే శుక్రారం మాట్లాడుకుందం" అని నవ్వుతూ పెట్టేశాడు కాక.

నిన్న ముదీర్ దగ్గరికి వెళ్లి, వచ్చీరాని అరబ్బీలో మొత్తం చెప్పాను. ఆ బుడగలు ఆయనవి కావు, నావి అని. ముదీర్ ఫోన్ లోంచి తలెత్తి, పోయినాయన మీద దేవుడు దయ చూపాలన్నాడు. "ఏ పడవ?" అని అడిగాడు. ఎంత చెప్పినా ఆయనకు గుర్తు రాలేదు. మూడేళ్లుగా నేను మోసింది ఎవరికీ అక్కర్లేనిదైపోయింది.

రేవులో ఆ తెల్ల పడవ కట్టేసి ఉంది. యజమానిని అడిగి లోపలికి దిగి పలక ఎత్తాను. కాక సరిచేసిన బిళ్ళ అక్కడే ఉంది. గమ్ము తేనె రంగుకు తిరిగింది. ఒక్క బుడగ లేదు. అంచున బొటనవేలి గుర్తు, దానికి అడ్డంగా గాటు.

"కాకా, ఆ గాలి నాదే" అన్నాను పైకే. పక్క పడవలోని బంగ్లాదేశీ వింతగా చూశాడు.

ఆ గుర్తులో నా బొటనవేలు పెట్టాను. ఆయన వేలు పెద్దది, నా వేలి చుట్టూ ఖాళీ మిగిలింది. గమ్ము గట్టిపడి మూడేళ్లయిందని తెలుసు. అయినా ఆయన నేర్పినట్టే, అది పట్టుకునేదాకా కదలకుండా ఒత్తి పట్టుకుని కూర్చున్నాను.